బాలూ తమ్ముడు ఫాంట్: ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు? (పిల్లల పుస్తకం అట్ట కోసం అడుగుతున్నాను)

ఉడతాభక్తి
అందరికీ నమస్కారం. మా ఊరి గ్రంథాలయం తరఫున పిల్లల కథల పుస్తకం ఒకటి వేస్తున్నాం. ఏ5 సైజు, 48 పేజీలు, లోపల నలుపు తెలుపే, అట్ట మాత్రం నాలుగు రంగులు. పేరు "ఉడతమ్మ చెప్పిన కథలు". అట్ట మీద ఈ పేరుకి బాలూ తమ్ముడు పెట్టాలని నాకు గట్టిగా ఉంది.

తెలియనివాళ్ళ కోసం: ముంబయిలో ఎక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ ఉంది, వాళ్ళు చేసిన బాలూ కుటుంబంలో తెలుగుది ఇది. తొమ్మిది భారతీయ లిపులకి విడివిడిగా ఫాంట్లు చేసి, చాలావాటికి ఆ భాషవాళ్ళు పిలుచుకునే చుట్టరికం పేరు పెట్టారు. కన్నడకి తమ్మ, తమిళానికి తంబి, మలయాళానికి చేట్టన్, బెంగాలీకి దా, మనకి తమ్ముడు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది.

నాకు ఎందుకు నచ్చిందంటే, మన లావు ఫాంట్లు చాలావాటిలో సన్న అక్షరం తీసుకుని దాని చుట్టూ అంచు మందంగా దిద్దేసిన సంగతి తెలిసిపోతుంటుంది. లోపలి ఖాళీలు పూడిపోయి, తలకట్టు ఒక లావు, కింది చుట్టు ఇంకో లావు అయిపోతాయి. ఇందులో అలా కాదు, మొదటి నుంచే లావుగా ఆలోచించి గీసిన అక్షరం. గీత మొదలు నుంచి చివరిదాకా దాదాపు ఒకే మందంలో నడుస్తుంది, మూలలు మెత్తగా ఉంటాయి, "డ" పొట్ట నిండుగా ఉంటుంది, "ఉ" చూస్తే నవ్వొస్తుంది. అల్లరి ఉంది కానీ అక్షరం గుర్తుపట్టడానికి ఇబ్బంది లేదు.

కమిటీలో ఒకరేమో ఇది మరీ చిన్నపిల్లల వ్యవహారంలా ఉంది అంటున్నారు, ఇంకొకరేమో అంత బాగుంటే లోపల కథలన్నీ కూడా ఇందులోనే పెట్టేయమంటున్నారు. మీరేమంటారు?

డీటీపీ శీను
అట్టకి పెట్టండి, కళ్ళు మూసుకుని పెట్టండి. లోపలికి మాత్రం వద్దు.

తెనాలిలో అచ్చు పని చేసేవాణ్ణి, కాబట్టి కాగితం మీద ఏమవుతుందో చెప్తాను. తెరమీద చూసే అక్షరం వేరు, కాగితం మీద దిగే అక్షరం వేరు. మ్యాప్‌లిథో (మామూలు పుస్తకాల కాగితం) మీద సిరా కొంచెం పాకుతుంది, న్యూస్‌ప్రింట్ మీద ఇంకా పాకుతుంది, రిసోలో (చవకగా కాపీలు తీసే డూప్లికేటర్ యంత్రం) వేయిస్తే చెప్పక్కర్లేదు. లావు అక్షరంలో లోపలి ఖాళీలు ముందే చిన్నవి, సిరా పాకితే అవి మూసుకుపోతాయి. తెలుగులో అదెంత ప్రమాదమో చూడండి. "ప"కీ "వ"కీ తేడా ఏమిటి? "ప"లో తలకట్టు విడిగా ఉంటుంది, "వ"లో అతుక్కుని ఉంటుంది. ఆ సన్నటి సందు పూడిందా, ప కాస్తా వ అయిపోతుంది. "పడవ" అని రాసి 10 పాయింట్లలో లావు ఫాంటుతో రిసో తీయించండి, మొదటి అక్షరం ఏదో, చివరి అక్షరం ఏదో పట్టి పట్టి చూడాలి.

మీ పుస్తకం పేరులోనే ఇంకోటి ఉంది, "కథలు". "థ" పొట్టలో చుక్క ఉంటేనే థ, చుక్క పోతే ధ. అసలే సగంమంది "కధ" అని రాస్తున్నారు, ఇప్పుడు అచ్చు కూడా అలాగే వస్తే పిల్లలు అదే నేర్చుకుంటారు. అట్ట మీద 60, 70 పాయింట్లలో ఆ చుక్క హాయిగా కనబడుతుంది, ఢోకా లేదు. లోపల 12 పాయింట్లలో ఆశ పెట్టుకోకండి.

పంతులమ్మ
శీను గారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. ఒకటి, రెండు తరగతులు చెప్తాను నేను. పిల్లలకి "కి"కీ "కీ"కీ తేడా గుడి చివర ఆ చిన్న మలుపు. "పాఠం"లో "ఠ"కి చుక్క కనబడకపోతే "పారం" అని చదువుతారు, తప్పు వాళ్ళది కాదు. చదవడం అప్పుడే వచ్చిన పిల్ల వాక్యాన్ని గబగబా చూసి అర్థం లాగేసుకోదు, ఒక్కో అక్షరం దగ్గర ఆగి ఆగి కూడబలుక్కుంటుంది. ఆ ఆగినచోట అక్షరం అక్షరంలా ఉండాలి. పిల్లల పుస్తకం కాబట్టి లోపల కూడా బొద్దు అక్షరాలు పెడదాం అనే ఆలోచన పిల్లలతో కూర్చుని చదివించినవాళ్ళకి రాదండి.

లోపల మండలి ఫాంటు గానీ నోటో సెరిఫ్ తెలుగు గానీ పెట్టి, సైజు 16 పైన ఉంచి, లైన్ల మధ్య ఖాళీ బాగా వదలండి. అట్ట మీద మాత్రం తమ్ముడిదే. మా బడిలో గోడపత్రిక శీర్షికలకి నేను అదే వాడతాను, బొమ్మలు చూడ్డానికి వచ్చిన పిల్లలు శీర్షిక కూడా చదివి వెళ్తారు.

కుంచె
అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి నా అభ్యంతరం చెప్పే తీరాలి. నాకు ఈ ఫాంటులో చెయ్యి కనబడదు. తెలుగు శీర్షికకి మన దగ్గర గొప్ప వరస ఉంది. బాపు గారి అక్షరం తీసుకోండి, గీత ఎక్కడ ఒత్తి పట్టారో ఎక్కడ వదిలేశారో చూస్తేనే తెలుస్తుంది, అందుకే ఆయన చేతిరాతే ఫాంటుగా వచ్చి ఇన్నేళ్ళుగా పెళ్ళిపత్రికల మీదా పుస్తకాల అట్టల మీదా నడుస్తోంది. సినిమా పోస్టర్లలో ఈశ్వర్ గారు పేరు రాస్తే ఆ అక్షరాల్లోనే కథ ఎలాంటిదో తెలిసేది. బాలూలో గీత అంతా ఒకే లావు. ఏ మాట రాసినా ఒకే నవ్వు. "ఉడతమ్మ"కీ అదే నవ్వు, "రాక్షసుడు"కీ అదే నవ్వు.

ఇంకో సంగతి, బాలూ ఫాంట్లన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. అన్ని లిపులూ ఒకే ఒరవడికి రావాలని చూసినప్పుడు ఏ లిపికి ఆ లిపి కొంత వదులుకుంటుంది.

ఫ్రీమాంట్ తెలుగు
కుంచె గారూ, మొదటిదాంట్లో సగం ఒప్పుకుంటాను, రెండోదాంట్లో అసలు ఒప్పుకోను.

ఒకే లావు గీత మనకి పరాయిది కాదండి. తాటాకు మీద గంటంతో గీస్తే లావు సన్నం ఎక్కడ వస్తుంది? ఆకులో గాడి పడుతుంది, దానికి మసి పూస్తారు, గీత మొత్తం ఒకటే మందం. వందల ఏళ్ళు మన అక్షరం అలాగే బతికింది. లావు సన్నాలు తర్వాత కలంతోనూ అచ్చుతోనూ స్థిరపడ్డాయి. అవి అందంగా ఉండవని నేను అనను, కానీ తెలుగుదనం అంటే అదొక్కటే అంటే మాత్రం ఊరుకోలేను.

ఇక అన్ని లిపులూ ఒకే ఒరవడి అన్నదానికి: ఇక్కడ అమెరికాలో మేం పండక్కి పోస్టర్ వేస్తే తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన ఉండాల్సిందే, ఒక్కోసారి కన్నడ సంఘంతో కలిసి చేస్తాం. ఇదివరకు తెలుగుకి ఒక ఫాంటు, ఇంగ్లీషుకి ఇంకోటి వెతికి, ఒకదాని ఎత్తు ఇంకోదానికి కుదరక, తెలుగు 48లో పెడితే ఇంగ్లీషు 40కి దించి నానా తంటాలు పడేవాళ్ళం. బాలూ తమ్ముడులో తెలుగూ ఇంగ్లీషూ రెండూ ఒకదానికోసం ఒకటి గీసినవి, పక్కన బాలూ తమ్మలో కన్నడ పెడితే మూడూ ఒకే ఇంటివాళ్ళలా ఉంటాయి. బయటి దేశంలో ఉన్నవాళ్ళకి ఇది చిన్న సౌకర్యం కాదు.

కుంచె
తాటాకు మాట బాగుంది, కాదనను. కానీ తాటాకు మీద గీత సన్నం. సన్నటి గీత ఒకే మందంలో ఉంటే ఆ వంపు అందం కనబడుతుంది. అదే లావుగా ఉన్నప్పుడు గీత కాస్త సన్నబడి, లావై, ఊపిరి తీసుకోకపోతే బరువుగా కూర్చుంటుంది. పోస్టర్ కోసం నేనైతే రవిప్రకాశ్ ఫాంటు వైపు మొగ్గుతాను. సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ వాళ్ళు విడుదల చేసినవాటిలో ఉంది, అదీ గూగుల్ ఫాంట్స్‌లోనే. శీర్షికలకీ పోస్టర్లకీ ఆహ్వానాలకీ అని చేసినదే. అదీ లావే, అదీ అల్లరిదే, కానీ ఇంకాస్త పండగ కళ ఉంటుంది.

ఉడతాభక్తి
రెండూ పెట్టి చూశాను కుంచె గారూ. రవిప్రకాశ్ నిజంగా బాగుంది, ఉగాది పోస్టర్‌కి దాన్నే పెడతాను. కానీ ఈ అట్ట మీద బొమ్మ కూడా కుంచెతో వేసినదే, రంగులు ఒకదాంట్లోకి ఒకటి కారుతూ ఉంటాయి. దాని మీద లావు సన్నాల అక్షరం పెడితే రెండూ పోటీ పడుతున్నాయి. బాలూ అయితే నిలకడగా ఒకచోట కూర్చుని బొమ్మని ఆడనిస్తోంది.

వెబ్ వనజ
అచ్చు సంగతి నాకు తెలియదు, వెబ్‌సైట్లో వాడేవాళ్ళ కోసం ఒకటి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఈ తప్పు నేను తెలుగు సైట్లలో రోజూ చూస్తున్నాను.

పాత బాలూ తమ్ముడులో ఉన్నది ఒక్కటే వెయిట్, అంటే అక్షరం మందంలో ఒకే రకం. చూడ్డానికి ఎంత లావుగా ఉన్నా బ్రౌజర్ లెక్కలో అది 400, అంటే మామూలు. మీరు దాన్ని హెచ్1 శీర్షికకి, అంటే వెబ్ పేజీలో ప్రధాన శీర్షికకి, పెట్టారనుకోండి, హెచ్1 అంటే బ్రౌజర్‌కి బోల్డ్ కావాలి. ఫాంటులో బోల్డ్ లేదు, కాబట్టి బ్రౌజరే ఉన్న అక్షరాన్ని ఇంకాస్త ఉబ్బించి దొంగ బోల్డ్ తయారుచేస్తుంది. ముందే లావు అక్షరం, దానిమీద ఇంకో పొర! గుడులన్నీ ముద్దలైపోతాయి. అది చూసి "ఈ ఫాంటు బాగోలేదు" అని పక్కన పడేస్తారు. ఫాంటు తప్పు కాదు. శీర్షికకి ఫాంట్-వెయిట్ 400 అని రాస్తే చాలు, లేదా ఫాంట్-సింథసిస్‌కి నన్ అని పెట్టి దొంగ బోల్డ్ ఆపేయండి. రామభద్ర, రవిప్రకాశ్ లాంటి ఒకే వెయిట్ ఉన్న ఫాంట్లన్నిటికీ ఇదే జాగ్రత్త.

కొత్తది, అంటే బాలూ తమ్ముడు 2, తీసుకుంటే ఈ గొడవ లేదు. అందులో 400 నుంచి 800 దాకా ఐదు వెయిట్లు ఉన్నాయి. పెద్ద శీర్షికకి 800, చిన్న ఉపశీర్షికకి 500, బటన్ మీద మాటకి 600 అలా పంచుకోవచ్చు.

లైన్-హైట్ (లైన్ల మధ్య ఎడం) మాత్రం ఇంగ్లీషు లెక్కన 1.2 పెట్టకండి. పైలైన్లో ఒత్తు దిగుతుంది, కింది లైన్లో గుడి లేస్తుంది, రెండూ గుద్దుకుంటాయి. నేను 1.6 కంటే తగ్గించను. లెటర్-స్పేసింగ్ (అక్షరాల మధ్య ఎడం) అసలు ముట్టుకోవద్దు. మాట ముక్కలైనట్టు కనబడుతుంది.

థంబ్‌నెయిల్ తమ్ముడు
వనజ అక్కా, థాంక్యూ, ఆ దొంగ బోల్డ్ సంగతి ఇన్నాళ్ళూ తెలియదు.

నేను యూట్యూబ్ థంబ్‌నెయిల్స్ చేస్తాను. ఫోన్లో ఆ బొమ్మ బొటనవేలంత కూడా ఉండదు, కాబట్టి అక్షరం లావుగా లేకపోతే ఉన్నట్టే కాదు. బాలూ 800లో మూడు మాటలు, మహా అయితే నాలుగు, అంతకంటే పెడితే చదవరు. అందరూ అక్షరం చుట్టూ తెల్ల గీతో నల్ల గీతో కొడతారు కదా, ఫొటోషాప్‌లో ఆ స్ట్రోక్‌ని అవుట్‌సైడ్ పెట్టండి. సెంటర్‌లో పెడితే గీత సగం అక్షరంలోకి తిని లావంతా పోతుంది, అవుట్‌సైడ్ పెట్టినా మరీ మందం చేస్తే లోపలి ఖాళీలు పూడతాయి. ఒక డౌట్ ఉంది. ఇల్లస్ట్రేటర్‌లో స్ట్రోక్ కొడితే అక్షరానికీ ఒత్తుకీ మధ్య అడ్డంగా గీతలు వస్తున్నాయి, ఎందుకు?

డీటీపీ శీను
తెలుగు ఫాంటులో అక్షరం ఒక ముక్క, ఒత్తు ఇంకో ముక్క, ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి తమ్ముడూ. స్ట్రోక్ కొడితే ప్రతి ముక్కకీ విడిగా గీత పడుతుంది, ఆ అతుకులే నీకు కనబడేది. టెక్స్ట్‌ని అవుట్‌లైన్స్‌గా మార్చి, పాత్‌ఫైండర్‌లో యునైట్ కొట్టు, ఆ తర్వాత స్ట్రోక్ ఇవ్వు. కోరెల్‌లో అయితే వెల్డ్. యునైట్ చేశాక అక్షరాలు దిద్దలేవు కాబట్టి అసలు ఫైలు ఒకటి పక్కన దాచుకో.

కొత్తగా చేరాను
నా ఫొటోషాప్‌లో ఒత్తులన్నీ విడివిడిగా పక్కకి పడుతున్నాయి సార్. అను ఫాంట్స్‌లో బాగానే వస్తోంది, బాలూలో "చెప్పిన" అని కొడితే ప పక్కన పొల్లు, మళ్ళీ ప. ఫాంటు పాడైందా?

వెబ్ వనజ
ఫాంటు బాగానే ఉంది. అను ఫాంట్లు పాత పద్ధతివి, అందులో ఒత్తు కూడా ఒక మామూలు అక్షరం లాంటిదే, మీరు ఎక్కడ పెడితే అక్కడ కూర్చుంటుంది. బాలూ యూనికోడ్, ఒత్తు ఎక్కడ కూర్చోవాలో ఫాంటూ సాఫ్ట్‌వేరూ కలిసి తేల్చుకోవాలి. పాత ఫొటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో టైప్ అని ఉంటుంది, అందులో వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకుని ప్రోగ్రాం మూసి తెరవండి. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్-రెడీ కంపోజర్. పేజ్‌మేకర్‌లో మాత్రం ప్రయత్నించకండి, అందులో యూనికోడ్ తెలుగు రాదు.

రేడియం రాజు
నాది బోర్డుల పని, వరంగల్. స్టిక్కర్ కటింగుకి బాలూ బంగారం అన్న. సన్న గీతల ఫాంటు అయితే కట్ చేసినంక చుట్టూ ఉన్న వేస్ట్ పీకేటప్పుడు అక్షరం తోకలు కూడా లేచి వస్తాయి, బండి నంబర్ ప్లేట్ల మీద, షట్టర్ల మీద ఎండకు ముందు లేచేది కూడా ఆ సన్న కొసలే. బాలూకి సన్న కొసలు లేవు, మూలలు గుండ్రం, పట్టుకుని కూర్చుంటుంది.

కానీ ఒకటి చెప్తా. ఏసీపీ (అల్యూమినియం షీటు) బోర్డు మీద త్రీడీ అక్షరాలు చేయించేవాళ్ళు పేరు ఫైనల్ చేసే ముందు మాలాంటోళ్ళను ఒకసారి అడగాలి. ప తలకట్టు విడి ముక్క, స తలకట్టు విడి ముక్క, కింద ఒత్తు చాలాసార్లు విడి ముక్క. ఒక్కోదానికి వేరే లైటు, వేరే వైరు, వేరే బిగింపు. గాలివానకు ముందు ఊడేది అదే. "శ్రీ" పెట్టమంటారు, "లక్ష్మి" పెట్టమంటారు, ఖర్చు చెప్తే కోపం చేస్తారు. నేను బాలూ తీసుకుని ఆ ముక్కలను అక్షరానికి కొద్దిగా జరిపి కలుపుతా. లావు ఫాంటు కాబట్టి అతుకు బలంగా వస్తుంది. ప విషయంలో మాత్రం కలపను, కలిపితే వ అవుతుంది, పైన ఒకరు చెప్పింది నూరుపాళ్ళు నిజం.

పంతులమ్మ
రాజు గారూ, ప దగ్గర ఆగినందుకు మీకు దండం. మా వీధిలో ఒక బోర్డు మీద అక్షరం అలా కలిసిపోయి, పిల్లలు రోజూ తప్పుగా చదువుతూ వెళ్తుంటారు.

కొత్తగా చేరాను
వనజ గారు, సరిగ్గా వచ్చింది, చాలా థాంక్స్. ఇంకో ప్రశ్న, "స్టోర్‌రూమ్", "మార్క్‌షీట్" లాంటి ఇంగ్లీషు మాటలు రాస్తే రెండో అక్షరం ఒత్తై కిందికి పోతోంది. డబ్బులు తీసుకుని చేసే పనికి ఈ ఫాంటు వాడొచ్చా అనేది కూడా చెప్పండి.

ఫ్రీమాంట్ తెలుగు
పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అని కనబడని అక్షరం ఒకటి కొట్టాలి, అప్పుడు రెండు హల్లులూ కలవవు. చాలా తెలుగు కీబోర్డుల్లో దానికి మీట ఉంటుంది. పెద్ద శీర్షికలో ఇది మరిచిపోతే కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

వాడొచ్చు, ఓపెన్ ఫాంట్ లైసెన్సు. అచ్చుకీ బోర్డుకీ యాప్‌కీ అమ్మే సరుకు డబ్బామీదకీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫాంటు ఒక్కదాన్నే విడిగా అమ్మకూడదు.

కుంచె
ఇన్ని ఉపయోగాలు చెప్పారు కాబట్టి వద్దనేవి కూడా చెప్పుకుందాం. సంతాప ప్రకటనకి వద్దు. ఆసుపత్రి లోపల దారి చూపే బోర్డులకి వద్దు, భయంతో పరుగెత్తే మనిషికి అల్లరి అక్షరం ఎదురు రాకూడదు. పద్యానికి వద్దు, సమాసాలు పొడుగ్గా సాగి ఒత్తు మీద ఒత్తు పడుతుంటే ఇంత లావు గీతకి చోటు చాలదు. "స్వాతంత్ర్యం" ఒక్క మాట రాసి చూడండి, కింద ఎంత రద్దీయో.

డీటీపీ శీను
"స్వాతంత్ర్యం" అందుకు మంచి పరీక్షే. నేను ఏ లావు ఫాంటు తీసుకున్నా "లక్ష్మి", "స్త్రీ", "బుద్ధి", "పాఠం", "పడవ" కొట్టి చూస్తాను. నమూనాగా చూపించే మాటలెప్పుడూ తేలికవే ఉంటాయి, మనకి కావాల్సిన మాట కొడితేనే గుట్టు బయటపడుతుంది.

ఉడతాభక్తి
అందరి మాటా విని ఈ సాయంత్రం అట్ట మళ్ళీ కూర్చాను. పేరుకి బాలూ తమ్ముడు 2లో 800, లోపల కథల పేర్లకి అదే 600లో 28 పాయింట్లు, కథలకి మండలి 17 పాయింట్లు. కమిటీలో ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఒక్కటే చిక్కు వచ్చింది. పేరు రెండు లైన్లు, పైన "ఉడతమ్మ", కింద "చెప్పిన కథలు". రెండూ మధ్యకి పెడితే పైన మ ఒత్తు కిందికి దిగి "క" తలకట్టుని తగులుతోంది. లైన్ల మధ్య ఎడం పెంచితే రెండు లైన్లూ విడిపోయి వేరువేరు పేర్లలా ఉన్నాయి. చివరికి పైలైన్ని కాస్త ఎడమకి జరిపాను, ఇప్పుడు ఆ ఒత్తు సరిగ్గా "చెప్పిన"కీ "కథలు"కీ మధ్య ఖాళీలోకి దిగి కూర్చుంది. లైన్లు అటూ ఇటూ జరిగినందుకు ఈ అక్షరాలకి ఇంకా కుదిరింది.

శీను గారూ, ప్రెస్‌కి పంపేముందు ఇంకేమైనా చూసుకోవాలా?

డీటీపీ శీను
పేరు అక్షరాల రంగు ఏమిటి? నాలుగు రంగులు కలిపి చేసిన గోధుమరంగు అయితే అచ్చు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా థ చుక్క చుట్టూ రంగు అంచు కనబడుతుంది. ఒకటి రెండు సిరాలతో వచ్చే రంగు పెట్టుకోండి. అక్షరాలని కర్వ్స్‌గా మార్చి పీడీఎఫ్ ఇవ్వండి, ఓపెన్ ఫైలు ఇవ్వద్దు, అవతల కంప్యూటర్లో ఫాంటు లేకపోతే వేరేది వచ్చి కూర్చుంటుంది. లోపలి పేజీల ప్రూఫ్ ఒకటి అసలు కాగితం మీదే తీయించుకుని, పంతులమ్మ గారు చెప్పినట్టు ఒక పిల్లతో చదివించండి.

ఉడతాభక్తి
ఎరుపూ పసుపూ కలిపిన నారింజ, అంతే, నలుపు కలపలేదు. సోమవారం ప్రూఫ్ వస్తుంది, రాగానే ఫొటో ఇక్కడ పెడతాను.